ఫెర్మాకు చిక్కని 641

429,49,67,297. నోటితో చదవబోతే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షలు దాటాక కూడా ఇంకా వేలూ వందలూ మిగిలే ఉంటాయి. 32 రెళ్లను వరసగా హెచ్చించి, చివర ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఆ ఒకటి కలపకముందు ఉన్నది కంప్యూటర్ వాళ్లకు బాగా తెలుసు. పాత పద్ధతిలో ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం అన్నే. ఒకటి కలిపాక కథ 1640కి, ఫ్రాన్స్‌కి వెళ్తుంది.

తులూజ్‌లో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకున్న పియెర్ ద ఫెర్మా 3, 5, 17, 257, 65537 అనే వరసను పట్టుకున్నాడు. 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16గా రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ ఒకటి కలపడమే కిటుకు. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆ పైవన్నీ అంతేనని ఆయన నమ్మకం. నిరూపణ మాత్రం దొరకలేదని తానే ఒప్పుకున్నాడు. ఆరోది మన 429 కోట్ల సంఖ్య.

1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఒక ఉత్తరంలో ఈ మాట కదిపితే, 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చేశాడు: ఆ ఆరో సంఖ్య 641 × 6700417. కాగితం మీద సరిచూసుకోవచ్చు. 6700417ను 600తో హెచ్చిస్తే 4020250200, 41తో హెచ్చిస్తే 274717097. రెండూ కూడండి.

అసలు ఆ హెచ్చవేత కూడా అక్కర్లేదు. 641 అంటే 5 × 128 + 1. అంటే 5 × 2⁷ను 641తో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది, శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸, శేషం 1. కానీ 641 అంటే 625 + 16 కూడా, అంటే 5⁴ + 2⁴. కనుక 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది. 2³²కి ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోవాల్సిందే. ఒకే సంఖ్య రెండు వేషాల్లో కనబడడం తప్ప ఇందులో వేరే మాయేమీ లేదు.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. ఈ 429 కోట్ల సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64 గుణిజానికి ఒకటి కలిపినదే కావాలి. అది ఫెర్మా చిన్న సిద్ధాంతం నుంచే వస్తుంది. ఆ సిద్ధాంతాన్ని ఆయన ఉత్తరంలో రాసిందీ అదే 1640లో. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికి తెగిపోయేది. పనిముట్టు ఫెర్మా చేతిలోనే ఉంది, ఎందుకో 641 మాత్రం చిక్కలేదు.

ఏడో సంఖ్య నుంచి చూసినవేవీ ప్రధానాలుగా తేలలేదు. ఇదే వరసలో వచ్చే 2^1048576 + 1 సంగతి మరీ చిత్రం. అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది, కానీ దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు.