షుగర్ మాత్ర మోకాలి గుజ్జును కాపాడుతుందా?

“మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది” అనే మాట వినని ఇల్లు అరుదు. ఉర్లా రోలింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసినవారిదీ, మన పెన్షనర్లదీ, ఇంట్లో అమ్మలదీ ఇదే బాధ. డాక్టర్లు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. నొప్పి తగ్గించే మందులున్నాయి గానీ, అరుగుదలను ఆపుతుందని రుజువైన మందు ఇంకా లేదు. అందుకే శాస్త్రవేత్తల చూపు షుగర్ మందుల మీద పడింది.

గుజ్జు అంటే ఏమిటి?

మనం గుజ్జు అనేది ఎముకల చివర ఉండే నున్నటి పొర, కార్టిలేజ్. దీనికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం నుంచే పోషణ అందాలి. అందులో ఉండే కొద్దిపాటి కణాలే పొరనంతా కాపాడుకోవాలి. అవి దెబ్బతింటే కోలుకోవడం కష్టం.

మెట్‌ఫార్మిన్ చేసే పని

కణంలో ఏఎంపీకే అనే ఎంజైమ్ శక్తి నిల్వను కనిపెట్టి ఉంటుంది. శక్తి తగ్గితే ఖర్చు తగ్గించి, పాడైన భాగాలను శుభ్రం చేయిస్తుంది. అరిగిన కీళ్లలో దీని పని మందగిస్తుంది. మెట్‌ఫార్మిన్ దాన్ని చురుకు చేస్తుంది. ఎలుకలపై ప్రయోగాల్లో కార్టిలేజ్ అరుగుదల నెమ్మదించింది.

పాత మందుకు కొత్త పని అప్పగించడం కొత్తేమీ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలోని లెడర్లీ పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సర్ మందు. తర్వాత మరో రకం కీళ్లజబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ముఖ్యమైన మందైంది. పాత ఖాతాదారుకు కేవైసీ మొదటి నుంచీ చేయనక్కర్లేనట్టే, పాత మందు మంచిచెడ్డలు చాలావరకు ముందే తెలిసి ఉంటాయి.

మనుషుల్లో ఏం తేలింది?

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రచురించిన పరీక్షలో 107 మంది పాల్గొన్నారు. అందరూ అధిక బరువు, మోకాలి నొప్పి ఉన్నవారే, షుగర్ లేనివారే. ఆరు నెలల్లో 100 పాయింట్ల కొలతపై నొప్పి మెట్‌ఫార్మిన్ వాడినవారిలో సుమారు 31, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 19 పాయింట్లు తగ్గింది. 2024లో 407 మందిపై ప్రచురితమైన మరో పరీక్షలో సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో 68 వారాల్లో బరువు 13.7 శాతం తగ్గింది, నొప్పి కూడా బాగా తగ్గింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రెండింటిలోనూ తగ్గినది నొప్పి. మనుషుల్లో గుజ్జు నిలిచిందని గానీ, తిరిగి పెరిగిందని గానీ ఇవి రుజువు చేయలేదు.

మనం చేయాల్సింది

ఇంట్లో ఒకరి షుగర్ మాత్ర ఇంకొకరు మోకాలికని వేసుకోకూడదు. మెట్‌ఫార్మిన్‌తో కడుపులో తిప్పడం, విరేచనాలు రావచ్చు. ఎక్కువకాలం వాడితే బి12 తగ్గవచ్చు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు వాడకూడదు. ఇప్పటికే షుగర్‌కు వాడుతున్నవారు మోతాదు సొంతంగా పెంచకండి, డాక్టరును అడగండి.

ఈలోగా ఖర్చులేని మార్గం ఒకటుంది. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. దానికి తోడు తొడ కండరాలకు రోజూ వ్యాయామం కావాలి. కొత్త మందు వచ్చినా ఈ రెండూ తప్పవు.