తాగుడు మానిన మొదటి వారం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎన్నో తీర్మానాలు జరుగుతాయి. వాటిలో ఇల్లాలి కళ్ళు చెమర్చే తీర్మానం ఒకటుంది. "ఈ రాత్రితో సరి, ఇక తాగను" అన్న ఆ ఒక్క మాట కోసం ఆమె పదేళ్ళో పదిహేనేళ్ళో కన్నీటితో కనిపెట్టి ఉంటుంది. మరునాడు ఆ ఇంట పండుగే. అయితే రెండవ తేదీకల్లా ఆయన చేతులు వణకడం మొదలవుతుంది. కాఫీ గ్లాసు నోటిదాకా పోదు. ఒళ్ళంతా చెమటలు, రాత్రంతా జాగరణ. మూడవనాటికి లేని మనుషులతో మాట్లాడవచ్చు. ఇంటివారు బెదిరిపోతారు. "ఒక్క గుక్క పోస్తే అదే సర్దుకుంటుంది" అని ఒకరు, "గాలి సోకింది" అని ఒకరు, "అంతా నాటకం" అని మరొకరు అంటారు.

ప్రియ పాఠకులారా, ఈ మూడు మాటలూ కుటుంబాన్ని తప్పుదారి పట్టించేవే. ఏళ్ళ తరబడి ప్రతిరోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానితే అతని శరీరానికి కలిగేది ఒక జబ్బు. డాక్టర్లు దానిని విత్‌డ్రాయల్ అంటారు. దానికి మంచి వైద్యం ఉంది. తీవ్రమైనప్పుడు వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. తాగుతున్నన్నాళ్ళు బ్రతికి, మానిన వారంలో చనిపోయినవారు ఉన్నారు. గనుక ఆ వారంలో ఏమి జరుగుతుందో ముందే తెలిసికొని ఉండడం ప్రతి కుటుంబానికీ అవసరం.

ఎందుకు ఇలా జరుగుతుంది?

ఒక తలుపును బయటినుండి ఒకడు, లోపలినుండి ఒకడు నెడుతున్నారనుకొనండి. బయటివాడు హఠాత్తుగా తప్పుకుంటే లోపలివాడు బోర్లా పడతాడు. మద్యం మెదడును అణచిపెడుతుంది. రోజూ అణచివేస్తుంటే, మెలకువగా ఉండడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ ఎదురు నెడుతుంది. ఒకనాడు మద్యం ఆగిపోతే ఆ పెరిగిన ఉద్రేకానికి అడ్డు ఉండదు. వణుకు, దడ, నిద్రలేమి, మూర్ఛ అన్నీ దానినుండి వచ్చేవే. మనిషి మనోబలానికీ దీనికీ సంబంధం లేదు. ఎంత గట్టిగా తీర్మానించుకున్నవాడికైనా ఇది రావచ్చు.

రోజువారీగా ఏమి జరుగుతుంది?

మొదటి రోజు: చివరిసారి తాగిన 6 గంటలనుండి 24 గంటలలోపు చేతుల వణుకు, చెమటలు, వికారం, వాంతులు, తలనొప్పి, గుండెదడ, చిరాకు మొదలవుతాయి. చాలామందిలో బాధ ఇంతటితో ఆగి, నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది.

రెండవ రోజు: కొందరికి మూర్ఛలు వస్తాయి. ఇవి ఎక్కువగా తాగుడు ఆపిన 48 గంటలలోపే వస్తాయి. అంతకుముందు ఎన్నడూ మూర్ఛ రానివారికి కూడా రావచ్చు. అప్పుడు మనిషిని పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కొందరికి ఈ దశలోనే ఎవరో పిలిచినట్లు వినబడుతుంది, గోడమీద పురుగులు పాకినట్లు కనబడుతుంది.

మూడు, నాలుగు రోజులు: తక్కువమందికే వచ్చినా అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి ఇప్పుడే వస్తుంది. దాని పేరు డెలీరియం ట్రెమెన్స్. పగలో రాత్రో తెలియదు. భార్యను గుర్తుపట్టడు. జ్వరం వస్తుంది, నాడి పరుగులు తీస్తుంది, ఒళ్ళంతా వణుకుతుంది, లేచి పారిపోబోతాడు. సరైన చికిత్స లేని రోజుల్లో ఈ స్థితికి చేరినవారిలో నూటికి 35 మంది వరకు మరణించేవారు. నేడు సకాలంలో చికిత్స జరిగితే ఆ సంఖ్య అయిదుకు లోపే. ఆ తేడా అంతా ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చామన్న దానిమీద ఆధారపడి ఉంది.

పొద్దున్న లేవగానే తాగనిదే చేతులు నిలవనివారు, ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, వయసు మళ్ళినవారు, కాలేయపు జబ్బు ఉన్నవారు, తిండి సరిగా తిననివారు ఇంట్లో మానే ప్రయత్నం చేయరాదు. మానడం, తాగడం, మళ్ళీ మానడం జరిగేకొద్దీ ప్రతిసారీ బాధ మరింత తీవ్రం కావచ్చు. "పోయినసారి ఏమీ కాలేదు గదా" అన్న ధీమా పనికిరాదు. ఇలాంటివారు ముందు డాక్టరును చూసి, ఆయనతో కలిసి మానే తేదీ నిర్ణయించుకోవాలి. ఇది విశ్వాసలోపం ఎంతమాత్రం కాదు.

కల్లు, గంజాయి, ఇతర మత్తుపదార్థాలు

"మావాడు సారా ముట్టడు, కల్లే" అని తేలికగా తీసికొనవద్దు. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతూ పట్టుబడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ కల్లు హఠాత్తుగా ఆగితే ఇవే మూర్ఛలు, ఇదే మతిభ్రమ వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన మద్యం, కల్లు దుకాణాలు మూతబడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్ళెవరూ మానాలని మానినవారు కారు. అయినా శరీరం అందరి విషయంలోనూ ఒకే విధంగా ప్రవర్తించింది.

గంజాయి మానితే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఒకటి రెండు వారాలుంటాయి. హెరాయిన్ వంటివి మానితే ఒళ్ళు నొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, వారంలో తగ్గుముఖం పడతాయి. అయితే కొంతకాలం మానిన తరువాత మళ్ళీ పాత మోతాదు తీసుకుంటే శరీరం తట్టుకోలేదు. అనేక మరణాలు ఇలాగే జరుగుతున్నాయి.

డాక్టరు దగ్గర దాచవద్దు

మా సంఘంలో ఒక సహోదరుడు కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు. రోజూ తాగుతాడన్న సంగతి పరువు పోతుందని ఇంటివారు చెప్పలేదు. మూడవ రాత్రి ఆయన సెలైన్ పీకివేసి, కట్టుతోనే మంచం దిగబోయాడు. దుప్పటి మీద లేని చీమలను ఏరుతున్నాడు. మత్తు ఇంజెక్షను వికటించిందని బంధువులు గొడవకు దిగారు. చివరికి ఆయన భార్య నర్సును పక్కకు పిలిచి, "అమ్మా, ఈయన రోజూ తాగుతాడు, ఆదివారం నుండి లేదు" అని చెప్పింది. ఆ ఒక్క మాటతో డాక్టరుకు దారి దొరికింది. నాలుగు రోజుల్లో ఆయన మామూలు మనిషయ్యాడు. ఏమి తాగుతాడు, ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు అన్న మూడు ప్రశ్నలకు నిజమైన జవాబు ఏ మందుకూ తక్కువ కాదు.

డాక్టర్లు సాధారణంగా క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్, లోరాజిపామ్ వంటి మందులలో ఒకటి ఇచ్చి, వారం రోజుల్లో మోతాదు తగ్గిస్తూ ఆపివేస్తారు. వీటిని మందుల షాపులో మనంతట మనం కొని వాడరాదు. వీటికీ అలవాటుపడే ప్రమాదముంది, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగవచ్చు. రెండవది థయమిన్, అంటే బి1 విటమిన్. తాగుడువలన ఇది శరీరంలో తరిగిపోతుంది. నీరసంగా ఉన్నాడని ముందుగా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు, నడక, జ్ఞాపకశక్తి పాడుకావచ్చు. గనుక ఊళ్ళో సెలైన్ పెట్టించే ముందు ఈ విషయం అడగండి.

పత్రికలలో, గోడలమీద "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించే మందు" అని ప్రకటనలు చూస్తుంటాము. డైసల్ఫిరామ్ అనే మందు కడుపులో ఉండగా మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది రోగికి తెలిసి, అతడు ఒప్పుకొని, డాక్టరు పర్యవేక్షణలో వాడవలసిన మందు. సహోదరీ, ఎంత ప్రేమతోనైనా సరే, దానిని కూరలో కలిపి పెట్టవద్దు.

ప్రార్థన, వైద్యం

మానినవాడిని గదిలో పెట్టి తాళం వేసి, ఉపవాసముంచి ప్రార్థించే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. శరీరం శుష్కించి ఉన్నవానిచేత ఉపవాసం చేయించడం, వణకుతున్నవానిని కట్టివేయడం అపాయకరం. మంచి సమరయుని సంగతి మనకందరికీ తెలుసు. అతడు ముందుగా గాయాలు కట్టాడు, తన వాహనమెక్కించి సత్రానికి చేర్చాడు, ఖర్చు పెట్టుకున్నాడు, మిగిలినది తిరిగి వచ్చి ఇస్తానన్నాడు. ఆ ఉపమానాన్ని మనకందించిన లూకా వైద్యుడు. ప్రార్థించండి, ఆటో కూడా పిలవండి. ఒకటి చేస్తే రెండవది చేయకూడదన్న నియమమేమీ లేదు.

డాక్టరు ఇంటివద్ద ఉంచవచ్చునన్న యెడల గది నెమ్మదిగా, మసక వెలుతురుతో ఉంచండి. తెలిసినవారు ఒకరు పగలూ రాత్రీ దగ్గరుండాలి. గంజి, మజ్జిగ, పప్పుచారు అన్నం కొంచెం కొంచెంగా పెట్టండి. టీ కాఫీలు తగ్గించండి. ఆ వారంలో ఆయన నోట వచ్చిన మాటలను మనసులో పెట్టుకోవద్దు. పాత లెక్కలు తీయవద్దు.

వారం గడిచిన తరువాత

వణుకు తగ్గగానే గెలిచామనుకుంటాము. నిజమైన పని అప్పుడే మొదలవుతుంది. నిద్రపట్టకపోవడం, దిగులు, తాగాలన్న తపన వారాలు, నెలలు ఉండవచ్చు. జీతం రోజు, పెళ్ళిళ్ళు, పాత స్నేహితుల పిలుపు, ఇవన్నీ శోధన ఘడియలే. చనిపోవాలనుందన్న మాట వింటే తేలికగా తీసికొనవద్దు, వెంటనే సహాయం కోరండి. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతుల స్నేహంతో ప్రారంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన పట్టణాల్లోనూ జరుగుతున్నాయి. వాటికి రుసుము లేదు. తాగి మానినవాని మాట, తాగి మానాలనుకునేవానికి త్వరగా ఎక్కుతుంది. తిరిగి పడిపోతే అంతా అయిపోయిందనుకొనవద్దు. మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటున్న యెడల క్యాలెండరు వెనుక ఈ నంబర్లు వ్రాసి పెట్టుకొనండి. అంబులెన్సుకు 108. మత్తు అలవాట్లనుండి విడుదలకు కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయం 14446. మానసిక వేదనలో ఉన్నవారికి టెలి మానస్ 14416. వాటి క్రింద చివరిసారి తాగిన రోజు, గంట వ్రాయండి. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.