సందేహం తీర్చే తెర

నిమ్మనపల్లెలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లకు పాఠ్యపుస్తకం దొరకడం పెద్ద కష్టం కాదు. లెక్క మూడో మెట్టు దగ్గర ఆగిపోతే, అడగడానికి మనిషి దొరకడమే కష్టం. కూలికో కొట్టులో పనికో వెళ్తూ చదివేవాళ్లు కాంటాక్ట్ తరగతి కోసం మదనపల్లె బస్సెక్కితే ఆ రోజు సంపాదన పోయినట్టే. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇదే ఇబ్బంది. వీడియో కాన్ఫరెన్స్ అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే.

దూరవిద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. జి. రాంరెడ్డి తొలి ఉపకులపతిగా మొదలైన ఆ సంస్థే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అంతకు ముందే, 1975-76లో, ‘సైట్’ ప్రయోగం కింద ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. ఊరంతా ఒకచోట చేరి చూసేది. తిరిగి అడిగే దారి మాత్రం లేదు. ఆ లోటు తీర్చడానికే 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ నింగికెగసింది. కేవలం చదువు కోసం భారతదేశం పంపిన తొలి ఉపగ్రహం అది. దూరాన ఉన్న తరగతి గది నుంచి విద్యార్థి గొంతు గురువుదాకా వెళ్లే వీలు దాంతో పెరిగింది.

అయితే భూస్థిర ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున. మాట పైకి వెళ్లి కిందికి రావడానికే దాదాపు పావు సెకను. ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే అర సెకను. ఆ కాస్త ఆలస్యానికే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం జరుగుతుంది. నేలలో వేసిన ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఐదువందల కిలోమీటర్ల దూరం దానికి లెక్కలోకే రాదు.

ఇక మిగిలిన చిక్కు డేటా. 720 గీతల బొమ్మను సెకనుకు 30 సార్లు ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 660 మెగాబిట్లు కావాలి. మామూలు ఫోను కనెక్షన్ అంత మోయడం కష్టం. అందుకే కోడెక్ అనే ప్రోగ్రాం ఒక తెలివైన పని చేస్తుంది. గురువు వెనకాల గోడ మారలేదు కాబట్టి దాన్ని మళ్లీ పంపదు. కదిలిన చెయ్యి, పెదవులు, కొత్తగా రాసిన అంకె వంటి మార్పులనే పంపుతుంది. అలా కుదించాక సెకనుకు 600 కిలోబిట్లు సరిపోతే, గంట తరగతికి 270 మెగాబైట్లు ఖర్చవుతాయి. బొమ్మ ఆపేసి, 40 కిలోబిట్ల చొప్పున గొంతు మాత్రమే వింటే 18 మెగాబైట్లు చాలు.

ఈ తేడాలోనే బోధనకు సంబంధించిన అసలు కిటుకు ఉంది. బొమ్మ క్షణం బిగుసుకుపోయినా పాఠం అర్థమవుతుంది. మాట తెగితే అర్థం కాదు. గొంతు సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా ప్రయాణిస్తుంది. దారిలో పోయిన ముక్కను మళ్లీ తెప్పించేలోపు మాట దాటిపోతుంది కాబట్టి, కొన్ని పద్ధతుల్లో దాన్ని వదిలేసి పక్క ముక్కలతో ఖాళీని పూడుస్తారు. అందువల్ల గురువు ఖరీదైన కెమెరా కన్నా ముందు మంచి మైకు కొనుక్కోవాలి. లెక్కలు చెప్పేటప్పుడు ముఖం చూపించనక్కర్లేదు. కాగితం మీదికి వంచిన ఫోనులో కలం కదలిక కనిపిస్తే చాలు. కొట్టివేత ఎక్కడ, గుర్తు ఎందుకు మారింది అన్నది విద్యార్థి కళ్లారా చూస్తాడు.

2020లో కరోనా బడులు మూయించినప్పుడు చాలాచోట్ల గంటలకొద్దీ ఉపన్యాసాన్నే తెర మీదికి ఎక్కించారు. ఉపన్యాసానికి ప్రత్యక్ష ప్రసారం దండగ. దాన్ని రికార్డు చేసి ముందే పంపితే, సిగ్నల్ బాగున్నప్పుడు దించుకుని ఎవరి తీరికను బట్టి వాళ్లు వింటారు. అందరూ కలిసే గంటను ప్రశ్నలకే ఉంచాలి. అదీ పని ముగిసిన సాయంత్రం వేళ, పదిహేను ఇరవై మందికి మించకుండా. అడగడానికి బిడియపడేవాళ్లకు చాట్‌లో తెలుగులో రాసే వీలుండాలి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలోనైతే తమిళంలో, కన్నడంలో అడిగినా జవాబు చెప్పాలి.

దూరవిద్య కోర్సులో చేరబోయేవాళ్లు ఫీజు కట్టేముందు అధ్యయన కేంద్రంలో ఒక్క మాట కనుక్కోండి: వారానికి ఎన్ని గంటలు విద్యార్థి ప్రశ్నలకు కేటాయించారని.