వానాకాలపు క్రికెట్టు

ఆషాఢమాసం వచ్చిందంటే సింహాచలం కొండమీదికి మబ్బు దిగుతుంది. గిరిప్రదక్షిణం చేసినవాళ్ళు పున్నమి వెళ్ళగానే ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. కొండకింద అడివివరంలో అనాసపళ్ళ గుట్టలమీద పట్టాలు కప్పుతారు. పిల్లలు ఆడుకునే మైదానంలో నీళ్ళు నిలుస్తాయి. బ్యాటు అటక ఎక్కుతుంది.

మరి క్రికెట్టు ఆగిపోతుందా? ఆగదు! మైదానంలోనుంచి అరుగుమీదికి వస్తుంది.

ఐ.పి.ఎల్. పోటీలు వేసవితో ముగుస్తాయి. రంజీ పోటీలు దసరా రోజులకు గాని మొదలుకావు. నడుమ వాననెలలలో మన మైదానాలమీద పెద్ద పోటీలు అరుదు. ఆట లేనప్పుడు ఆటను గురించి మాట్లాడుకోవడమే ఒక ఆట. టీకొట్టు దగ్గర, ఉక్కుకర్మాగారానికి వెళ్ళే బస్సులో, రేవులో పనివాళ్ళ భోజనాల వేళ, ఎక్కడ విన్నా ఇవే కబుర్లు. చెవి ఒగ్గి వింటే వాటిలో మూడు ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తూ ఉంటాయి.

"వ్యాఖ్యానం బాగా చెప్పేది ఎవరు?"

"ఫలానావాడు ఇక ఆట మానుకోవద్దూ?"

"ఫలానా కుర్రవాడు ఎంతో పైకి వస్తాడనుకున్నాం. ఏమైపోయాడు?"

పిల్లలూ, ఈ మూడు ప్రశ్నలనూ ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటి రెండూ సరదాకు అడిగేవి. మూడవదానితో మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

చెవులతో చూసిన ఆట

మీ తాతయ్యను అడిగి చూడండి. ఆయన చిన్నతనంలో టెస్టు ఆటను కళ్ళతో చూడలేదు, చెవులతో చూశాడు. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. రేడియో ఉన్న ఇంటి ముందు పదిమంది చేరేవారు. ఇంగ్లీషు సగమే అర్థమైనా, జనం చేసే గోలను బట్టి ఫోరు పోయిందో, వికెట్టు పడిందో చెప్పేసేవారు.

రేడియోలో ఆట చెప్పడం ఎంత కష్టమో మీరే పరీక్షించి చూడండి. మీ నేస్తాన్ని కళ్ళు మూసుకోమనండి. ఎదుట జరుగుతున్న ఆటను అతనికి చెప్పండి. బంతి వేసేది ఎవరు? ఏ వైపునుంచి? కొట్టేవాడు ముందుకు వచ్చాడా, వెనక్కు జరిగాడా? బంతి ఎటు పోయింది? దాన్ని ఆపింది ఎవరు? ఇప్పటికి పరుగులెన్ని? ఇవన్నీ తరువాతి బంతి పడేలోపల చెప్పాలి. మీరు ఒక్క నిమిషం ఊరుకున్నారో, మీ నేస్తానికి మైదానమే మాయమైపోతుంది. టెలివిజన్‌లో అలా కాదు. అక్కడ ఆట కళ్ళకు కనబడుతూనే ఉంటుంది గనక, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినవాడే మంచి వ్యాఖ్యాత.

మనదేశంలో ఈ పనికి మొదట పేరు తెచ్చినవాడు ఎ. ఎఫ్. ఎస్. తలయార్‌ఖాన్. 1934లో బొంబాయిలో ఆయన వ్యాఖ్యానం ఆరంభించాడు. పక్కన మరొకరు కూర్చోవడం ఆయనకు గిట్టేది కాదు. రోజంతా తానొక్కడే చెప్పేవాడు!

మైకు ముందు కూర్చున్నవారిలో మన ప్రాంతపు మనిషి కూడా ఒకాయన ఉన్నాడు. సింహాచలం దేవాలయానికి విజయనగరం పూసపాటివారు వంశపారంపర్య ధర్మకర్తలని మీకు తెలుసు కదా. ఆ వంశంలో 1905లో పుట్టిన విజయానంద గజపతిరాజును క్రికెట్టు లోకం "విజ్జీ" అని పిలిచింది. 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన మన జట్టుకు ఆయనే నాయకుడు. కాని ఆయన ఆడిన 3 టెస్టులలోనూ కలిపి చేసిన పరుగులు 33 మాత్రమే. జట్టులో పేచీలు వచ్చాయి. మేటి ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో నడుమనే ఇంటికి పంపేశారు. ఈ నాటికీ ఆ కథ తలుచుకుని విజ్జీని తప్పుపట్టేవాళ్ళున్నారు.

అయితే ఆయన కథ అక్కడితో అయిపోలేదు. ఆంధ్ర జట్టు 1953-54లో మొదటిసారి రంజీ పోటీలలో అడుగుపెట్టడం వెనుక ఆయన పూనిక ఉన్నది. తరువాత ఆయన మనదేశపు క్రికెట్టు బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. రేడియోలో వ్యాఖ్యానాలు చెప్పాడు. 1959లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు బి.బి.సి. వారు ఆయనను మాట్లాడటానికి పిలిచారు. ఆయన మాటలు మరీ పొడుగని నవ్వినవాళ్ళూ లేకపోలేదు. అయినా, బ్యాటుతో దొరకని చోటు ఆయనకు మాటతో దొరికింది. ఒకే మనిషికి ఒక లెక్క కాదు, నాలుగు లెక్కలు ఉంటాయన్నమాట.

ఇప్పుడు మీకు తాతయ్యకు లేని అదృష్టం ఒకటి పట్టింది. 2018లో ఆటలకోసం తెలుగు ఛానలు వచ్చింది. ఆట ఎరిగినవాళ్ళే, ఎం. ఎస్. కె. ప్రసాద్, వేణుగోపాలరావు వంటివాళ్ళు, మన భాషలో ఆట చెబుతున్నారు. ఈ రెండవ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎప్పుడు మానాలి?

ఇక రెండవ ప్రశ్న. ఆటగాడు ఆట ఎప్పుడు మానాలి?

కొట్టారి కనకయ్య నాయుడును అడిగితే "ఎప్పుడూ వద్దు" అని ఉండేవాడు! సి. కె. నాయుడు అంటే మీరు గుర్తుపడతారు. ఆయన 1895లో నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. 1926లో బొంబాయిలో ఇంగ్లండునుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. 1932లో లార్డ్సు మైదానంలో మనదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు ఆయనే నాయకుడు. 1953-54లో ఆంధ్ర జట్టుకు నాయకత్వం వహించినప్పుడు ఆయనకు 58 ఏళ్ళు. ఆ తరువాత విజ్జీ కోరికమీద 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడి, 61 ఏళ్ళ వయస్సులో ఒక ఇన్నింగ్సులో 84 పరుగులు చేశాడు. చివరిసారిగా 1963-64లో ఒక ధర్మకార్యం కోసం జరిగిన ఆటలో దిగేనాటికి ఆయన వయస్సు 68!

అందరూ అలా ఉండలేరు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు సంగతి చూడండి. 2002లో, ఇంకా 17 ఏళ్ళు నిండకుండానే, ఇంగ్లండులో 19 ఏళ్ళలోపువారి ఆటలో 177 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచాడు. ఆ ఏడే హైదరాబాదు తరఫున ఆంధ్రమీద ఒకే రంజీ ఆటలో 210, 159 కొట్టాడు. "ఇక రేపో మాపో టెస్టులు ఆడతాడు" అన్నారందరూ. ఆ రేపు రానేలేదు. భారత జట్టులో అడుగుపెట్టడానికే 2013దాకా పట్టింది. అదీ ఒకరోజు ఆటలలో. 55 ఆటలలో సరాసరి 47 పరుగులు చేసికూడా 2019 ప్రపంచకప్పు జట్టులో చోటు దక్కలేదు. ఆ జూలైలో ఆటకు స్వస్తి అన్నాడు. కొద్దివారాలకే ఆ మాట వెనక్కు తీసుకున్నాడు. 2023లో చెన్నై జట్టుతో ఐ.పి.ఎల్. కప్పు అందుకుని, అప్పుడు తృప్తిగా సెలవు తీసుకున్నాడు.

మనసు నొచ్చుకున్నప్పుడు తీసుకున్న సెలవుకూ, మనసు నిండి తీసుకున్న సెలవుకూ తేడా తెలిసిందా?

2005 నాటి ఇద్దరు

ఇప్పుడు మూడవ ప్రశ్న.

సింహాచలం కొండలకు ఆవలివైపున, పోతినమల్లయ్యపాలెంలో మన పెద్ద క్రికెట్టు మైదానం ఉన్నది. 2005 ఏప్రిల్ 5న అక్కడ పాకిస్తానుతో ఒకరోజు ఆట జరిగింది. రాంచీనుంచి వచ్చిన జులపాల జుట్టు కుర్రవాణ్ణి మూడవవాడుగా పంపారు. అంతకుముందు ఆడిన నాలుగు ఆటలలో అతను చెప్పుకోదగినదేమీ చెయ్యలేదు. మొదటి ఆటలోనైతే సున్నాకే రనౌటయ్యాడు. ఆ రోజున 123 బంతులలో 148 పరుగులు చేశాడు. అతనే మహేంద్రసింగ్ ధోని. తరువాత కథ మీకు తెలుసు.

ఆ ఏడే జూలైలో, శ్రీలంకలోని దంబుల్లాలో, మరొక కుర్రవాడు భారత జట్టులో మొదటిసారి దిగాడు. అతను అచ్చంగా విశాఖపట్నం పిల్లవాడు, వేణుగోపాలరావు. 2000లో 19 ఏళ్ళలోపువారి ప్రపంచకప్పు గెలిచిన మన జట్టులో అతను ఒకడు. 2004లో గుర్‌గావ్‌లో ఇంగ్లండు ఎ జట్టుమీద దక్షిణమండలం 501 పరుగులు చేస్తే గాని గెలవని ఆట వచ్చింది. చివరి ఇన్నింగ్సులో అన్ని పరుగులు ఎవరైనా చేస్తారా? చేశారు! వేణుగోపాలరావు 228 పరుగులతో చివరివరకూ నిలిచి ఆట గెలిపించాడు.

మరి భారత జట్టులో? 16 ఆటలు ఆడాడు. మొత్తం 218 పరుగులు చేశాడు. 9 సార్లు అవుటయ్యాడు. క్రికెట్టులో సరాసరి తీయడం తేలిక: చేసిన పరుగులను అవుటైన సార్లతో భాగించాలి. పెన్సిలు తీసి చేసి చూడండి. 24 పైచిలుకు వచ్చిందా? 2006 తరువాత అతనికి మళ్ళీ పిలుపు రాలేదు.

అరుగుమీద కబుర్లు చెప్పేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. "పాపం, ధోని అంత కావలసినవాడు. పైకి రాలేదు" అనేస్తారు.

నిజమేనా? మీరు వేసిన ఆ 24లో గుర్‌గావ్‌లోని 228 లేదు. సీనియర్ జట్ల పెద్ద ఆటలలో అతను చేసిన 7,000కు పైగా పరుగులు లేవు. ఆ తరువాత ఆంధ్ర జట్టులోకి వచ్చిన పిల్లలు అతన్ని చూసి నేర్చుకున్నదీ లేదు. 2019లో అతను ఆట మానుకున్నాడు. అటుపైన తెలుగులో వ్యాఖ్యానం చెప్పాడు. 2024లో ఢిల్లీ ఐ.పి.ఎల్. జట్టువారు ఆటవ్యవహారాలు చూడటానికి అతన్ని డైరెక్టరుగా పెట్టుకున్నారు. ఇదంతా పైకి రాకపోవడమేనా?

ఇంకొక లెక్క చెబుతాను. 1932నుంచి ఇప్పటివరకూ మన దేశం తరఫున టెస్టులు ఆడిన పురుషులు మూడువందల పైచిలుకు మాత్రమే. కోట్లమంది ఆడే ఆటలో మూడువందలమంది! తక్కినవారందరూ ఓడిపోయినవారే అంటే, ఈ దేశంలో ఆడేవాడు ఎవడూ మిగలడు.

తొంభైతొమ్మిది దగ్గర

ఒక్కొక్కప్పుడు అరుగుమీది కబుర్లు నిజం కూడా అవుతాయి. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్‌కుమార్ రెడ్డి 2017-18లో 16 ఏళ్ళలోపువారి విజయ్ మర్చంట్ పోటీలలో 1,237 పరుగులు చేశాడు. ఒక్క నాగాలాండు మీదనే 441! కొడుకు ఆటకోసం అతని తండ్రి ఉద్యోగం వదులుకున్నాడు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో 21 ఏళ్ళ నితీశ్ 99 పరుగుల దగ్గర ఉండగా తొమ్మిదవ వికెట్టు పడిపోయింది. ఇక మిగిలింది సిరాజ్ ఒక్కడే. అతను కమిన్స్ వేసిన మూడు బంతులూ కాచుకున్నాడు. ఆ తరువాత నితీశ్ బంతిని బౌండరీకి కొట్టాడు. గ్యాలరీలో తండ్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వ్యాఖ్యానం చెబుతున్న రవిశాస్త్రికీ గొంతు పట్టుకున్నది.

పిల్లలూ, సిరాజ్ కాచిన ఆ మూడు బంతులు చూడండి. అతని లెక్కలో వాటికి ఒక్క పరుగూ పడలేదు. కాని అవి లేకపోతే నూరు లేదు.

ఈ పాటికి మీ బడిలో జిల్లా జట్టు ఎంపికకు వెళ్ళి, పేరు పిలవక, తిరిగి వచ్చిన పిల్లవాడో పిల్లో ఉండే ఉంటారు. వాళ్ళను చూసి "వాడి పని అయిపోయిందిరా" అని ఎవరో అని ఉంటారు కూడా. పన్నెండేళ్ళకు ఎవరి పనీ అయిపోదు. మూడవ ప్రశ్నతో జాగ్రత్త అన్నది ఇందుకే. పెద్ద ఆటగాళ్ళను గురించి మనం సరదాగా అనుకునే మాట వాళ్ళకు వినబడదు. పక్కింటి పిల్లవాడికి మాత్రం వినబడుతుంది.

ఈ పుట చదువుతున్న అమ్మకూ నాన్నకూ ఒక మాట. కొడుకుకోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి కథ వినడానికి బాగుంటుంది. ప్రతి ఇంట్లోనూ అలా జరగనక్కరలేదు. ఆడి వచ్చిన బిడ్డను "ఎన్ని కొట్టావు?" అని కాక, "ఆట ఎలా జరిగింది, చెప్పు" అని అడిగితే చాలు. వాళ్ళు చెప్పడం మొదలుపెడతారు. అదికూడా వ్యాఖ్యానమే కదా!

ఆశ్వయుజం వచ్చేసరికి మబ్బులు విడిపోతాయి. మైదానం ఆరుతుంది. బ్యాటు అటక దిగుతుంది. ఎంపికలో పేరు రాని ఆ నేస్తాన్ని ఆ రోజున ముందుగా మీరే పిలవండి.