అద్దె కారు - క్రెడిట్ కార్డు బీమా

ఇచ్చిపుచ్చుకొనే వ్యవహారాలలో నోటిమాటకంటె వ్రాతకు విలువ ఎక్కువ. పవిత్ర ఖురాన్‌లోని ఆయతులన్నింటిలో పెద్దది అల్‌బఖరా సూరాలోని 282వ ఆయతు. అప్పులను వ్రాతపూర్వకంగా ఉంచుకొనవలసిన ఆవశ్యకతను గూర్చి అది చెబుతుంది. ఇంతటి బోధ మనకు ఉన్నా, బ్యాంకు కార్డుతో పాటు వచ్చే నిబంధనల పుస్తకాన్ని విప్పి చూచేవారు మనలో బహు తక్కువ. ఆ పుస్తకాలలో కొన్నింట అద్దె కారుకు బీమా అనే సదుపాయం కానవస్తుంది. ఉన్నత విద్య కొరకు అమెరికా వెళ్ళే మన విద్యార్థులకు అది ఎంతవరకు ఉపకరిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఇక్కడ సూరారంలో కారు అద్దెకు తీసుకొనేవారి సంగతి ఏమిటి అనే విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేటి క్రెడిట్ కార్డుకు నాంది 1950లో న్యూయార్కులో ఆరంభమైన డైనర్స్ క్లబ్బు కార్డు. మన దేశంలో ఈ బాటను తొలినాళ్ళలోనే తొక్కిన బ్యాంకులలో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. కార్డులిచ్చే బ్యాంకులు పెరిగినకొద్దీ పోటీ పెరిగింది. ఖాతాదారులను ఆకర్షించడానికి బ్యాంకులు తమ కార్డులకు రకరకాల సదుపాయాలను జోడించసాగాయి. అద్దె కారు బీమా అట్టి వాటిలో ఒకటి.

ఈ సదుపాయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఒక భేదాన్ని గ్రహించాలి. కారు ప్రమాదంలో కలిగే నష్టం ప్రధానంగా రెండు విధాలు. మనం నడిపే కారుకు కలిగే నష్టం మొదటిది. ఎదుటి మనిషికి, అతని వాహనానికి, ఆస్తికి మనవల్ల కలిగే నష్టం రెండవది. క్రెడిట్ కార్డు బీమా మొదటి దానికి మాత్రమే పరిమితం. రెండవ దానితో దానికి సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి మరచినవారికి మిగిలిన నిబంధనలన్నీ తెలిసినా ప్రయోజనం లేదు.

అమెరికాలో కారు అద్దెకు తీసుకొనేటప్పుడు అద్దె సంస్థ గుమస్తా డ్యామేజి వేవర్ అనే దానిని రోజుకు ఇంత అని వెలకట్టి చూపుతాడు. నిజానికి అది బీమా కాదు. కారు దెబ్బతిన్నా, దొంగిలింపబడినా ఆ సొమ్ము మిమ్ము అడుగము అని సంస్థ ఇచ్చే హామీ మాత్రమే. ఈ సదుపాయం గల కార్డు మన వద్ద ఉంటే ఆ హామీని కొనకుండ గడుపుకోవచ్చు. అయితే కొన్ని షరతులు కలవు. అద్దె మొత్తం ఆ కార్డుతోనే చెల్లించాలి. సంస్థవారి వేవరును నిరాకరించాలి. దానిని కూడ తీసుకుంటే కార్డు బీమా వర్తించదు. ఒప్పంద పత్రంలో పేరున్నవారే కారు నడపాలి. నలుగురు మిత్రులు కలిసి బయలుదేరి, అలసట వచ్చినప్పుడల్లా ఒకరి తరువాత ఒకరు నడుపుతూ పోవడం మన విద్యార్థులలో సాధారణం. పత్రంలో పేరు లేని మిత్రుని చేతిలో ప్రమాదం జరిగితే హక్కు పోతుంది. కాలపరిమితి కూడ కలదు. పలు వీసా కార్డులలో స్వదేశంలో 15 రోజులు, విదేశాలలో 31 రోజులు. మిక్కిలి ఖరీదైన కార్లకు, సరుకుల వాహనాలకు ఇది సాధారణంగా వర్తించదు. టూరో వంటి సంస్థలు కుదిర్చే వ్యక్తుల సొంత కార్లకు కూడ చాలా కార్డులు రక్షణ ఇవ్వవు.

ఈ బీమాలో మరల రెండు తరగతులు. ఒకటి ప్రథమ రక్షణ. ఇతర బీమాతో నిమిత్తం లేకుండ కార్డు సంస్థే చెల్లిస్తుంది. రెండవది ద్వితీయ రక్షణ. మన సొంత కారు బీమా ముందు చెల్లించగా మిగిలినదానినే కార్డు భరిస్తుంది. సొంత కారు, సొంత బీమా లేనివారికి ద్వితీయ రక్షణ కూడ సాధారణంగా ప్రథమ రక్షణ వలె పనిచేస్తుంది. క్రొత్తగా వెళ్ళిన విద్యార్థికి ఇది అనుకూలమే.

కాని ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. సొంత బీమా లేనివానికి ఎదుటివారి నష్టం నుండి కాపాడే బీమా కూడ ఉండదు. కార్డు అతని కారు అద్దాన్ని కాపాడుతుంది. అతడు గాయపరచిన బాటసారి వైద్యఖర్చుకు ఒక్క డాలరు ఇవ్వదు. తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్‌లో వాహనదారునికి చట్టం విధించిన కనీస బీమా ఒకరి గాయానికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలోని క్షతగాత్రులందరికి కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. అమెరికా ఆస్పత్రులలో తీవ్రమైన గాయానికి అయ్యే ఖర్చు ఈ మొత్తాలను సులభంగా దాటిపోతుంది. అద్దె సంస్థ ఇచ్చే కనీస రక్షణ కూడ రాష్ట్రాన్నిబట్టి, ఒప్పందాన్నిబట్టి మారుతుంది. కనుక కారు వేవరును నిరాకరించిన విద్యార్థి, ఎదుటివారి నష్టానికి విడిగా అమ్మే లయబిలిటీ బీమాను కూడ అదే ఊపులో నిరాకరించరాదు. మిగుల్చుకోవలసిన చోట మిగుల్చుకోవడం పొదుపు. కొనవలసిన దానిని కొనకపోవడం ప్రమాదం.

ఇక మన ప్రాంతం సంగతి. సూరారం నుండి గండిమైసమ్మ మీదుగా దుండిగల్ వద్ద 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఎక్కవచ్చు. సెలవు దినాలలో యువకులు కార్లను అద్దెకు తీసుకొని తామే నడుపుకొంటూ ఆ దారిన పోవడం నేడు పరిపాటి. మన దేశపు క్రెడిట్ కార్డులలో అద్దె కారుకు బీమా సాధారణంగా ఉండదు. ఉన్నది ఎక్కువగా వ్యక్తి ప్రమాద బీమా. జన్‌ధన్ ఖాతా రూపే కార్డుకు కూడ అట్టి బీమా కలదు. 2018 ఆగస్టు 28 తరువాత తెరచిన ఖాతాలకు అది 2 లక్షల రూపాయలు. ప్రమాదానికి ముందు నియమిత కాలంలో కార్డును ఉపయోగించి ఉండాలనే షరతు దానికీ కలదు. అది మనిషికి సంబంధించినదే కాని కారుకు సంబంధించినది కాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. స్వయంగా నడుపుకొనుటకు అద్దెకిచ్చే కారుకు నల్లని పలకపై పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల పలకపై నల్ల అక్షరాలున్న సొంత కార్లను తెలిసినవారి ద్వారా చౌకగా అద్దెకు తీసుకోవడం కొందరికి అలవాటు. సొంత కారు బీమా పత్రంలో అద్దెకు త్రిప్పరాదనే నిబంధన ఉంటుంది. అట్టి కారు దెబ్బతింటే బీమా సంస్థ క్లెయిమును త్రోసిపుచ్చగలదు. మరమ్మతు భారం నడిపినవాని నెత్తిన పడుతుంది.

కార్డు వాడకంలో వడ్డీ ప్రశ్న మనవారికి సహజంగా కలుగుతుంది. గడువులోగా బాకీ మొత్తం చెల్లించినవారిపై కొనుగోళ్ళకు వడ్డీ పడదు. కొంత మాత్రమే చెల్లిస్తే నెలకు 3 శాతానికి పైబడి వడ్డీ పడటం సర్వసాధారణం. ఉచితమనుకొన్న బీమా అప్పుడు బహు ఖరీదైనదిగా పరిణమిస్తుంది.

కాబట్టి విద్యార్థి మిత్రులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కారు తీసుకొనే ముందు, అప్పగించేటప్పుడు నలువైపుల ఫొటోలు తీయాలి. ఒప్పంద పత్రం, చెల్లింపు రసీదు భద్రపరచాలి. ప్రమాదం జరిగితే పోలీసు నివేదిక, మరమ్మతు బిల్లు సంపాదించి, కార్డు సంస్థకు గడువులోగా తెలియజేయాలి. సదుపాయాలు శాశ్వతం కావు. 2019లో సిటీ బ్యాంకు తన అమెరికా కార్డులలో చాలావాటి నుండి ఈ బీమాను తొలగించింది. నిరుడు ఉన్నదని ఈ ఏడు నమ్మరాదు.

ప్రయాణానికి ముందు ఒక గంట వెచ్చించి ఆ నిబంధనలను చదివినవారు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది నా చేతిలోని కారును కాపాడుతుందా? నా కారు క్రింద పడగల మనిషిని కాపాడుతుందా? రెండవ ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాతనే తాళంచెవి చేతికి తీసుకోవడం వివేకవంతుల లక్షణం.