గ్రంథకర్త హక్కు – దాని యెల్లలు

అనకాపల్లి బెల్లపు సంతలో ఒకరి దిమ్మను వేరొకరు తమదని యమ్మినచో తగవు పుట్టును. కాని చెఱకు పండించి పాకము పట్టు విద్య యే యొక్కరి సొత్తును గాదు. గ్రంథస్వామ్యము నిట్టిదే. మన దేశమున 1957వ సంవత్సరపు చట్టము రచయిత కూర్చిన మాటలను కాపాడును. భావమును మాత్ర మెవ్వరికిని సొంతము చేయదు. ఒక నాటకకర్త చలనచిత్ర నిర్మాతలపై దెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1978లో ఈ సూత్రమునే స్థిరపఱచి, ఆయన కోరికను త్రోసివేసినది.

ఈ హక్కునకు గడువును గలదు: రచయిత జీవితకాలము, ఆపైని 60 ఏండ్లు. 1915లో కీర్తిశేషులైన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ను నే డెవ్వరైనను అచ్చొత్తింపవచ్చును. గడువు తీరని గ్రంథమునుండి సైతము విమర్శకై తగుమాత్ర ముదాహరించుట నేరము గాదు.

ప్రభుత్వ నిషేధము వేఱొక విషయము. తంజావూరి కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ప్రకటింపగా, అశ్లీలమని నాటి ప్రభుత్వము నిషేధించెను. 1947లో గాని యా నిషేధము తొలగలేదు. అచట తగవు స్వామ్యమును గూర్చి కాదు, మాటను గూర్చి.

కావున నెవరైన నొక పుస్తకము నాపవలెనన్నప్పుడు, అది రచయిత కష్టఫలమును గాచుటకా, మాట నణచుటకా యని మొదట విచారింపుడు. మొదటిదైనచో తోడ్పడుడు; రెండవదైనచో కారణ మడుగక సమ్మతింపకుడు.