పన్నెండు వేలవి అక్కర్లేదు, పాతవి వద్దు: మన పాదానికి తగిన రన్నింగ్ షూస్ ఎంచుకోవడం ఎలా?

నర్సింగ్ సూపరింటెండెంట్



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్లు, గుట్టలే ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు అదే ప్రాంతంలో తెల్లవారేసరికి జనం కనిపిస్తారు. దుర్గం చెరువు పక్కన, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో, గచ్చిబౌలి స్టేడియం దగ్గర నడిచేవారు నడుస్తూ, పరుగెత్తేవారు పరుగెత్తుతూ ఉంటారు. 2007లో హైదరాబాద్ రన్నర్స్ సంఘం మొదలైంది. పరుగు ఆటగాళ్లకు మాత్రమే కాదు, రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారికి కూడా అవసరమని ఇప్పుడు చాలామందికి తెలిసింది. ఇది ఎంతో సంతోషించవలసిన విషయం.

అయితే ఉదయం పూట వీరి పాదాల వైపు ఒకసారి చూడండి. ఉద్యోగం చేసే పిల్లల కాళ్లకు పది, పన్నెండు వేల రూపాయల బూట్లు ఉంటాయి. ఊరి నుంచి వచ్చి వారి దగ్గర ఉంటున్న తల్లిదండ్రుల కాళ్లకు, ఆ పిల్లలు వాడి వదిలేసిన పాత జత ఉంటుంది. “పైకి బాగానే ఉన్నాయి కదా, పారేయడం ఎందుకు?” అని పెద్దవాళ్లే అడిగి మరీ తీసుకుంటారు. పొదుపు మంచిదే. కాని షుగరు ఉన్నవారి విషయంలో ఈ పొదుపు పాదానికే ప్రమాదం తెస్తుంది. అంత ఖరీదైన బూట్లు పిల్లలకూ అవసరం లేదు. ఒక ఖరీదైన జత డబ్బుతో ఇంట్లో ఇద్దరు ముగ్గురికి తగిన బూట్లు వస్తాయి. ఎలాగో చూద్దాం.

బూటు లోపల జరిగేది ఏమిటి?

రన్నింగ్ షూలో మూడు భాగాలు ఉంటాయి. పైన పాదాన్ని కప్పి ఉంచే జాలీ గుడ్డ, కింద నేలకు తగిలే రబ్బరు, ఈ రెంటికీ మధ్య మెత్తని ఫోమ్. ఈ ఫోమ్‌నే మిడ్‌సోల్ అంటారు. దీనిలో కంటికి కనిపించనంత చిన్న గాలి బుడగలు ఉంటాయి. అడుగు పడినప్పుడు అవి నొక్కుకుని, మళ్లీ లేస్తాయి.

నడిచేటప్పుడు మన పాదం మీద పడే బలం శరీర బరువు కంటే కొంచెమే ఎక్కువ. పరుగెత్తేటప్పుడు అది రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది. అంటే 70 కిలోల మనిషి పరుగెత్తితే ఒక్కొక్క అడుగుకు 140 నుంచి 210 కిలోల భారం. నాలుగు కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తితే సుమారు ఐదు వేల అడుగులు పడతాయి. ఇన్ని దెబ్బలు తిన్న ఫోమ్ క్రమంగా అణిగిపోతుంది. పైన గుడ్డ చిరగదు, రంగు పోదు, లేసులు కూడా బాగానే ఉంటాయి. కాని లోపల మెత్తదనం ఉండదు.

సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల పరుగుకు పనికొస్తుంది. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తేవారికి అది ఆరు నుంచి తొమ్మిది నెలలు. నడకకు మాత్రమే వాడితే ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. అందువల్ల కొడుకు ఏడాది పాటు పరుగెత్తి వదిలేసిన బూట్లు నాన్నగారి చేతికి వచ్చేసరికి వాటి పని అయిపోయినట్టే. పైగా అవి కొడుకు పాదం ఆకారానికి అణిగి, అతని నడకను బట్టి మడమ దగ్గర ఒక పక్కకు అరిగి ఉంటాయి.

ధర పెరిగితే మేలు పెరుగుతుందా?

స్కాట్లాండ్‌లోని డండీలో పరిశోధకులు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ధరల రన్నింగ్ షూస్‌ను పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2008లో వైద్య పత్రికలో వచ్చాయి. అరికాలి మీద పడే ఒత్తిడిలో గాని, సౌకర్యంలో గాని ఖరీదైన బూట్లు మెరుగని తేలలేదు. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవారికి పాదం వంపును బట్టి, అంటే చదునైన పాదానికి ఒక రకం, ఎత్తైన వంపుకు ఒక రకం బూట్లు ఇచ్చి చూశారు. దానివల్ల కూడా గాయాలు తగ్గలేదు. కనుక దుకాణంలో మిషను మీద నిలబెట్టి, “మీ పాదానికి ఇదే సరిపోతుంది” అని ఎక్కువ ధర జత చూపిస్తే కంగారుపడి కొనవద్దు. వేసుకున్నప్పుడు మీ పాదానికి హాయిగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

పేరున్న కంపెనీల మామూలు రన్నింగ్ షూస్ రెండున్నర వేల నుంచి నాలుగు వేల లోపే దొరుకుతాయి. కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర తగ్గిస్తారు. కొత్తగా ఉన్న పాత మోడల్ కొనడంలో ఏ నష్టమూ లేదు. మూడు వేల జత ఎనిమిది నెలలు వస్తే నెలకు 375 రూపాయలు పడుతుంది. లోపల కార్బన్ ప్లేటు ఉన్న బూట్లు పందెంలో నిమిషాలు తగ్గించుకోవడానికి తయారైనవి, రోజువారీ పరుగుకు అవి అవసరం లేదు. రోడ్డు పక్కన ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మేవి కూడా కొనవద్దు. వాటి మీద కంపెనీ గుర్తు ఉంటుంది గాని, లోపల ఆ ఫోమ్ ఉండదు.

ఒకే జతతో సరిపెట్టుకోవచ్చా?

చాలావరకు సరిపెట్టుకోవచ్చు. రోడ్డు మీద పరుగుకు, నడకకు, ట్రెడ్‌మిల్‌కు, జిమ్‌లో తేలికపాటి వ్యాయామానికి ఒకే మామూలు జత చాలు. షటిల్ బ్యాడ్మింటన్‌కు మాత్రం వాడవద్దు. రన్నింగ్ షూ ముందుకు సాగే కదలిక కోసం తయారైనది. కోర్టులో పక్కలకు ఒక్కసారిగా తిరిగినప్పుడు ఎత్తైన ఫోమ్ మీద చీలమండ మడత పడే అవకాశం ఉంది. అలాగే ఆ జతను రోజంతా ఆఫీసుకు కూడా వేసుకుని తిరిగితే తొందరగా అరిగిపోతుంది.

కొనేటప్పుడు గమనించవలసిన విషయాలు

1. సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుతు కావచ్చు.

2. నిలబడి రెండు కాళ్లకూ వేసుకుని చూడండి. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది. పెద్ద పాదానికి సరిపోయే సైజు తీసుకోండి. రోజూ వాడే సాక్సులు వెంట తీసుకువెళ్లండి.

3. పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మాదాపూర్, జూబ్లీహిల్స్ రోడ్లన్నీ ఎత్తుపల్లాలే. ఖాళీ లేకపోతే పల్లం దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

4. లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్, బయటికి తీసి నేల మీద పెట్టి దానిపై నిలబడండి. పాదం అంచులు దాటి బయటికి వస్తే ఆ బూటు మీకు ఇరుకు.

5. బూటును చేతితో వంచి చూడండి. వేళ్లు మడిచే చోట వంగాలి. సరిగ్గా నడుమ మడత పడితే ఆ జత వద్దు. మడమ జారకూడదు.

6. అడుగున నేలకు తగిలే చోట రబ్బరు ఉందో లేదో చూడండి. వానలో టైల్స్ ఫుట్‌పాత్ మీద ఉత్త ఫోమ్ జారుతుంది.

7. దుకాణంలోనే అయిదు నిమిషాలు నడవండి, నాలుగడుగులు పరుగెత్తండి. “వాడగా వాడగా సాగుతాయి” అంటే నమ్మవద్దు. మొదటి రోజు నొక్కే బూటు తర్వాత బొబ్బలు తెస్తుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇంట్లో శుభ్రమైన నేల మీద వేసుకుని చూసి, సరిపోకపోతే వెంటనే తిప్పి పంపండి. ఒక కంపెనీ 8 నంబరు, మరో కంపెనీ 8 నంబరు ఒకేలా ఉండవని గుర్తుంచుకోండి.

షుగరు ఉన్నవారికి ప్రత్యేక సూచనలు

ఐ.సి.ఎం.ఆర్. ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. ఈ వ్యాధి చాలా ఏళ్లుగా ఉన్నవారిలో కొందరికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది. పైన చెప్పిన “హాయిగా ఉందా?” అన్న పరీక్ష వీరికి పనిచేయదు. బూటు నొక్కుతున్నా, లోపల రాయి ఉన్నా వారికి తెలియదు.

ఈ సంగతిని ప్రపంచానికి బాగా తెలియజేసినవారిలో మిషన్ వైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు సేవ చేశారు. వారి పాదాలకు పుండ్లు పడడానికి పెద్ద కారణం నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడడమేనని చూపించారు. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు వారికి అందించారు. మన ఆసుపత్రులలో షుగరు రోగులకు చెప్పే ఎం.సి.ఆర్. చెప్పులు ఆ రబ్బరుతో చేసినవే. నొప్పి మన పాదానికి కాపలాదారు వంటిది. ఆ కాపలా లేని పాదానికి ఫోమ్ అణిగిపోయిన పాత బూటు వేస్తే పుండు పడుతున్నా తెలియదు.

కనుక వీరు ఈ జాగ్రత్తలు తప్పనిసరిగా పాటించాలి.

కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకుని, దాన్ని కత్తిరించి ఇన్‌సోల్ మీద పెట్టి చూడండి. కాగితం అంచులు బయటికి రాకూడదు. వేసుకునే ముందు ప్రతిసారీ బూటు దులిపి, లోపల చేయి పెట్టి తడమండి. కొత్త జతను మొదటి వారం రోజుకు గంట మాత్రమే వాడి, విప్పిన వెంటనే పాదం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి. తెల్లని సాక్సులు వాడితే రక్తపు మరక వెంటనే కనిపిస్తుంది. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవారితో చూపించుకోండి. పుండు, బొబ్బ, పగులు ఉంటే పరుగు, నడక రెండూ ఆపి ఆసుపత్రికి రండి. స్పర్శ తగ్గినవారు డాక్టరు సలహా లేకుండా పరుగు మొదలుపెట్టవద్దు.

వానాకాలంలో

తడిసిన బూట్లను ఎండలో గాని, హీటరు దగ్గర గాని పెట్టవద్దు. వేడికి జిగురు ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత న్యూస్ పేపరు కుక్కి, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. పేపరు తడిస్తే మార్చండి. తడి బూట్లు వేసుకుంటే వేళ్ల మధ్య పాచి పుండ్లు వస్తాయి. వాషింగ్ మెషిన్‌లో వేయకుండా సబ్బు నీటితో చేతితో కడగండి.

ఈ నెల జీతం రాగానే అమ్మానాన్నలను, అత్తమామలను ఒక సాయంత్రం దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్లండి. వారి పాదానికి కొలిచి, వారికంటూ ఒక కొత్త జత కొనిపెట్టండి. మా ఓ.పి.కి వచ్చేటప్పుడు రోజూ వేసుకునే బూట్లు, చెప్పులు కూడా తెచ్చి సిస్టర్లకు చూపించండి. పాదాన్ని పరీక్షించినప్పుడు, ఆ పాదం రోజంతా ఉండే చోటును కూడా చూడడం మాకు ఎంతో ఉపయోగం.